ముగ్గుల ఆటకు స్టోర్‌లో వాకిలి

ప్రశ్న: మేమిద్దరం అక్కాచెల్లెళ్లం. మెలికల ముగ్గు ఆధారంగా ఒక పజిల్ ఆట తయారుచేసి మూడు నెలల క్రితం ప్లే స్టోర్‌లో పెట్టాం. ఆడినవాళ్లు బాగుందనే అంటున్నారు కానీ, పేజీ దాకా వచ్చినవాళ్లలో చాలామంది ఇన్‌స్టాల్ చేయకుండానే వెళ్లిపోతున్నారు. ఐకాన్, స్క్రీన్‌షాట్లు, వివరణ జతచేస్తున్నాం. లోపం ఎక్కడుందో చెప్పగలరా?
— ఇద్దరు పాఠకురాళ్లు, తణుకు

జవాబు: మీరు పంపినవన్నీ చూశాను, ఆటను పన్నెండో లెవెల్ దాకా ఆడాను కూడా. ఆటలో నాకు లోపమేమీ కనబడలేదు. చుక్కలను తాకకుండా, వేలు ఎత్తకుండా, వాటి చుట్టూ మెలికలు తిప్పుతూ బయలుదేరిన చోటికే చేరుకోవడమన్నది ఒక్కసారి చూస్తే ఎవరికైనా అర్థమయ్యే ఆట. మీ పేజీలో లేనిది సరిగ్గా ఆ ఒక్క చూపే.

ముందు ఐకాన్ సంగతి. పెంకుటిల్లు, తులసికోట, గొబ్బెమ్మలు, పరికిణీ కట్టుకొని వంగి ముగ్గు పెడుతున్న అమ్మాయి, పైన వంపు తిరిగిన అక్షరాల్లో ఆట పేరు. ప్లే స్టోర్ కోరే 512 పిక్సెళ్ల చదరంలో, కంప్యూటర్ తెర మీద అది ముచ్చటగానే ఉంది. అయితే ఫోన్‌లో వెతికినప్పుడు వచ్చే జాబితాలో అదే బొమ్మ బొటనవేలి గోరుకన్నా కాస్త పెద్దదిగా మాత్రమే కనిపిస్తుంది. ఆ కొలతకు కుదించి చూశాను. గొబ్బెమ్మలు పసుపు మచ్చలయ్యాయి, అమ్మాయి ఒక ఎర్రని మరకగా మిగిలింది, పేరు చదవడానికి వీలుకాలేదు, అన్నిటికన్నా ముఖ్యమైన ముగ్గు మాయమైపోయింది. ఐకాన్ పక్కనే పేరును స్టోర్ ఎలాగూ అచ్చువేస్తుంది కాబట్టి దాన్ని బొమ్మలో ఇరికించడం వల్ల ఒరిగేదేమీ లేదు.

నా సలహా ఇది: అలికిన నేల రంగు మీద నాలుగు తెల్లని చుక్కలు, వాటిని చుట్టి వస్తున్న ఒకే ఒక మందపాటి గీత, ఆ గీత చివర మాత్రం కలవకుండా వదిలేసిన మెలిక. పూర్తయిన ముగ్గును చూసినవారు బాగుందనుకొని ముందుకు సాగిపోతారు. ఒక్క మెలిక మిగిలిన ముగ్గును చూసినవారికి దాన్ని కలపాలని వేలు లాగుతుంది. పజిల్ ఆట అమ్ముకోవలసినది ఆ లాగుడునే. గీసిన బొమ్మను చదరంగానే ఇవ్వండి. మూలలను గుండ్రంగా కత్తిరించే పని, నీడ వేసే పని ప్లే స్టోర్ తానే చేసుకుంటుంది. మీరు ముందే కత్తిరించి ఇవ్వడం వల్లనే ఇప్పుడు మూలల్లో సన్నని తెల్ల అంచు కనబడుతోంది.

స్క్రీన్‌షాట్లలో మొదటిది ఆట పేరున్న స్వాగత తెర, రెండోది సెట్టింగులు. అసలు ఆట మూడోదానిలో గాని మొదలు కాలేదు. ప్లే స్టోర్ ఒక్కో రకం పరికరానికి ఎనిమిది దాకా అనుమతిస్తుంది గాని, వరుసను చివరిదాకా జరిపి చూసే ఓపిక అందరికీ ఉండదు. రేపు ఐఫోన్‌కు ఇవ్వదలిస్తే, అక్కడి నియమం స్క్రీన్‌షాట్లు ఆట ఆడుతున్న స్థితిని చూపాలనీ, పేరు తెరతోనో లాగిన్ తెరతోనో సరిపెట్టకూడదనీ స్పష్టంగానే చెబుతోంది. కాబట్టి సగం గీసిన ముగ్గుతో, కొనలో వేలితో ఉన్న తెరను మొదట పెట్టండి. రెండోదానిలో గీత తప్పుదారి పట్టి చిక్కుకున్న స్థితి, మూడోదానిలో ఇరవై చుక్కల పెద్ద ముగ్గు ఉంటే కథ పూర్తవుతుంది. మిగిలినవి మీ ఇష్టం.

బొమ్మల మీద రాసే తెలుగు విషయంలో ఒక జాగ్రత్త. మన లిపికి పైన గుడులు, కింద వత్తులు ఉండడం వల్ల ఇంగ్లిషుకు సరిపోయే వరుస ఎడం మనకు చాలదు. మీ నాలుగో బొమ్మలో పై వరుసలోని వత్తు కింది వరుసలోని గుడిని ఢీకొంది. అదీగాక, కొన్ని డిజైన్ సాఫ్ట్‌వేర్లలో దక్షిణాసియా లిపుల అమరికను ఎంచుకోకపోతే వత్తులు విడిపోయి ‘ముగ్గు’ కాస్తా ‘ముగ్‌గు’ అవుతుంది. మీ బ్యానరులో అదే జరిగింది. తెలుగు ఆటకు తెలుగువాళ్లే ఇంత అన్యాయం చేస్తే ఎలాగమ్మా! 1024 బై 500 కొలతలోని ఆ బ్యానరుకు వీడియో జతచేస్తే మధ్యలో ప్లే గుర్తు వచ్చి కూర్చుంటుంది గనుక, రాతను నడిమధ్యన పెట్టకండి.

ఇక వివరణ. 80 గుర్తుల చిన్న వివరణలో మీరు ‘మన సంస్కృతిని ప్రతిబింబించే అద్భుతమైన వినోదభరిత పజిల్’ అని రాశారు. ఈ మాటలు వామనగుంటలకైనా, దాడి ఆటకైనా సరిపోతాయి. దాని బదులు ‘వేలెత్తకుండా ఒకే గీతతో చుక్కలన్నీ చుట్టి ముగ్గు పూర్తిచేయండి.’ అని రాసి చూడండి. నేను లెక్కపెట్టాను, 61 గుర్తులే. తెలుగులో ఈ లెక్క మోసం చేస్తుంది: ‘చుక్కల ముగ్గు’ కంటికి ఐదక్షరాలు, గుణింతం, పొల్లు, ఖాళీ ఒక్కొక్కటీ విడిగా లెక్కలోకి వస్తాయి కాబట్టి కంప్యూటర్లు అక్షరాలను గుర్తించే ప్రమాణమైన యూనికోడ్ ప్రకారం 13 గుర్తులు. పేరుకు 30 మాత్రమే ఇస్తారు గనుక ఇది గుర్తుండాలి. 2021 నుంచి ప్లే స్టోర్ పేర్లలో ‘ఉచితం’, ‘నంబర్ వన్’ వంటి మాటలనూ, ఎమోజీలనూ అనుమతించడం లేదు. మీ పేరు చివరి దీపం బొమ్మను తీసేయండి. పెద్ద వివరణకు 4,000 గుర్తుల చోటున్నా మొదటి రెండు వాక్యాల్లోనే ఆట ఎలా ఆడాలో, ఇంటర్నెట్ లేకుండా నడుస్తుందో లేదో చెప్పేయండి.

మార్పులన్నీ ఒకేసారి చేయవద్దు. ఆటలను స్టోర్‌లో పెట్టేవారు వాడే ప్లే కన్సోల్‌లోని ప్రయోగాల సదుపాయంతో పాత ఐకాన్‌ను కొందరికి, కొత్తదాన్ని మరికొందరికి ఒకే కాలంలో చూపి పోల్చవచ్చు. వారాంతపు తేడాలు కలిసి వచ్చేలా కనీసం ఒక వారం నడపండి. చూసేవారు తక్కువైతే ఇంకా ఎక్కువ రోజులు పడుతుంది. అంతేగాని నవంబరు అంకెలను జనవరి అంకెలతో పోల్చుకొని సంబరపడకండి. ధనుర్మాసంలో ముగ్గు అన్న మాటకే గిరాకీ ఉంటుంది. ఆ పెరుగుదల ఐకాన్‌ది కాకపోవచ్చు.

ప్రశ్న: ఆట లోపల లేని ఉత్కంఠ సన్నివేశాన్ని, అంటే మంటల్లో చిక్కుకున్న రాజును కాపాడడం వంటిదాన్ని బొమ్మల్లో చూపితే ఇన్‌స్టాల్‌లు పెరుగుతాయని మిత్రులు అంటున్నారు. పెద్ద కంపెనీలు చేస్తున్నదే కదా?
— ఒక పాఠకుడు, నల్లగొండ

జవాబు: చేశాయి, మాట కూడా పడ్డాయి. హోమ్‌స్కేప్స్, గార్డెన్‌స్కేప్స్ ఆటల ప్రకటనలు రెండింటిని 2020లో బ్రిటన్ ప్రకటనల ప్రమాణాల సంస్థ నిషేధించింది. పిన్నులు లాగి ప్రమాదం తప్పించే పజిల్‌ను ప్రకటనలో చూపగా, ఆటలో ప్రధానంగా ఉన్నది రంగుల వస్తువులు మూడేసి జతచేయడమని ఆ సంస్థ తేల్చింది. తప్పుదారి పట్టించే బొమ్మలను రెండు స్టోర్ల నియమాలూ ఒప్పుకోవు. మీ ఆటలో రాజు లేనప్పుడు, రాజు కోసం వచ్చినవారు మొదటి లెవెల్‌లోనే ఆటను తీసేసి, పోతూపోతూ ఒక నక్షత్రం పెట్టి పోతారు. ఆ రేటింగ్‌ను తర్వాత ఏ బొమ్మా కప్పిపుచ్చలేదు.

ప్రశ్న: వివరణ తెలుగులో ఇవ్వాలా, ఇంగ్లిషులోనా?
— ఒక విద్యార్థిని, హనుమకొండ

జవాబు: ప్లే స్టోర్‌లో రెండూ ఇవ్వవచ్చు. ఏది కనిపించాలన్నది చూసేవారి భాషా సెట్టింగును బట్టి ఉంటుంది. మనవాళ్లలో చాలామంది తెలుగే మాట్లాడుతూ ఫోన్‌ను మాత్రం ఇంగ్లిషులో పెట్టుకుంటారు కాబట్టి ఇంగ్లిషు పేజీని నిర్లక్ష్యం చేయకూడదు. మీది కూడా ముగ్గుల వంటి ఆటే అయితే, ఆ పేజీలో ముగ్గు, రంగోలి, కోలం అన్న మూడు మాటలూ ఇంగ్లిషు అక్షరాల్లో సహజమైన వాక్యాల మధ్య రావాలి. చెన్నైలో ఉన్నవారు కోలం అనే వెతుకుతారు. ప్లే స్టోర్ వెతుకులాటలో వివరణలోని మాటలకూ లెక్క ఉంది. ఆపిల్ స్టోర్‌లో అలా కాదు, అక్కడ పేరు, ఉపశీర్షిక, పైకి కనబడని 100 గుర్తుల కీలకపదాల గడి ప్రధానంగా పనికొస్తాయి. పేరులో ఉన్న మాటను ఆ గడిలో మళ్లీ రాసి చోటు వృథా చేసుకోకండి.