బడిలో వ్యవసాయం చెప్పబోతున్న మా పాపకు

అనంతపురం,
మే నెల

పాపా,

కళ్యాణదుర్గం పక్క హైస్కూల్లో తొమ్మిది, పది తరగతుల పిల్లలకు వ్యవసాయం వొకేషనల్ కోర్సు చెప్పే ఉద్యోగం నీకు వచ్చిందని మీ నాయన ఫోన్‌లో చెప్పాడు. అగ్రికల్చర్ బీఎస్సీ చేసి బడిపిల్లలకు పాఠాలు చెప్పడమేంది అని నీకు లోపల వెలితిగా ఉందని కూడా చెప్పాడు. ముప్పై ఏళ్లు ఇంటర్ వొకేషనల్ పిల్లలకు పంటలు, పశువులు చెప్పినవాణ్ణి కాబట్టి నీకు నాలుగు మాటలు రాయాలనిపించింది.

మొదటి సంగతి. నీ ముందు కూర్చునే పిల్లలకు వ్యవసాయం తెలియదనుకోవద్దు. సగం మంది పొద్దున పాలు పిండి, కసువు వేసి బడికి వస్తారు. నేను చేరిన ఏడాది, గొర్రె చూడికాలం సుమారు 150 రోజులు అని బోర్డు మీద రాశాను. వెనక బెంచీలో ఒక పిల్లోడు లేచాడు. వాళ్లది తాతల కాలం నుంచి జీవాలు మేపే ఇల్లు. "సార్, మేం రోజులు లెక్కపెట్టం. పొదుగు నిండి, మందలోంచి పక్కకు పోయి, కాలితో నేల గీరుతుంటే ఇంక ఈనుతుందని అర్థం" అన్నాడు. వాడు చెప్పింది నా నోట్సులో లేదు. నా నోట్సులోని లెక్క వాడి దగ్గర లేదు. పొట్టేలును మందలోకి వదిలిన తేదీ ఒక పుస్తకంలో రాసిపెట్టుకోమన్నాను. రాశాడు. పిల్లలు ఎప్పుడు పడతాయో ముందే తెలిసేసరికి, ఆ రోజుల్లో వాళ్ల నాయన మందను దూరం తోలకుండా ఊరి దగ్గరే ఉంచుకున్నాడు. ఆ ఏడాది తోవలో ఈని చచ్చిన పిల్ల ఒక్కటీ లేదని వాడే వచ్చి చెప్పాడు.

నా ఉద్యోగమంతా ఆ పుస్తకం మీదే నడిచింది. చూడటం వాళ్లకు ఇంట్లోనే వస్తుంది. కొలవడం, తేదీ వేసి రాయడం, ఎందుకు అని అడగడం బడి నేర్పాలి. ప్రతి పిల్లకూ ఒక లాంగ్ నోట్‌బుక్ పెట్టించు. మార్కుల కోసం రాసే రికార్డు వేరే ఉండనీ, ఇది వాళ్లింటి పుస్తకం. వాళ్ల చేను, వాళ్ల ఆవు, వాళ్ల కోళ్లు అందులోకి రావాలి.

జూన్‌లో బడి తెరవగానే వానతో మొదలుపెట్టు. మన జిల్లాకు ఏడాదికి పడేదే దాదాపు 550 మిల్లీమీటర్లు. ఇంత తక్కువ వాన పడే చోట వానను కొలవని బడి ఉండకూడదు. పరికరం లేకపోతే నిలువుగా, అడుగు నుంచి మూతి దాకా ఒకే వెడల్పున్న డబ్బా చాలు. ఆరుబయట, చెట్టు నీడ, గోడ చాటు లేని చోట పెట్టి, పొద్దున ఎనిమిదిన్నరకు స్కేలుతో కొలిపించు. అంతటితో ఆపొద్దు. అదే రోజు చేలో గుంత తీసి పదును, అంటే నేలలో తడి, ఎన్ని అంగుళాలు దిగిందో చూడమను. ఎర్రనేలలో ఎంత దిగింది, ఎవరిదైనా నల్లరేగడి ఉంటే అందులో ఎంత దిగింది, పక్కపక్కన రాయించు. ఒక వానకే నేల స్వభావం మీద నీ పాఠం సగం అయిపోతుంది.

శెనక్కాయ దగ్గర మాత్రం తొందరపడొద్దు. నెల రోజులు దాని మీదే ఉన్నా తప్పులేదు. పుస్తకంలో వేరుశనగ అని ఉంటుంది, పిల్లలు శెనక్కాయ అంటారు. బోర్డు మీద రెండూ రాయి. ఎనుము, గేదె కూడా అంతే. పరీక్షలో గేదె అని చూసి అదేదో వేరే పశువనుకున్న పిల్లను నేను చూశాను. వాళ్ల మాటను తప్పని దిద్దొద్దు, పుస్తకం మాటను దాని పక్కన కూర్చోబెట్టు.

విత్తే ముందు మొలక పరీక్ష చేయించు. ఇంట్లో కాయ వొలిచిన గింజల్లో నుంచి ఏరకుండా వంద తీసి, తడి గోనెపట్టాలో వరుసగా పరిచి చుట్టి, అయిదారు రోజులకు విప్పి లెక్కపెట్టాలి. అరవై మొలిస్తే ఆ ఇంట్లో ఎకరాకు ఎంత విత్తనం ఎక్కువ పడుతుందో ఆ పిల్లే లెక్కకట్టి చెబుతుంది. విత్తనాన్ని కాయగానే దాచి, విత్తబోయే ముందే వొలవాలని మన ఆడవాళ్లకు ఎప్పటినుంచో తెలుసు. ముందే వొలిచిన గింజ త్వరగా మొలకశక్తి పోగొట్టుకుంటుంది. ఆ సంగతి చెప్పడానికి నువ్వు కాదు, ఒక అవ్వను బడికి పిలువు. కుర్చీ వేసి కూర్చోబెట్టు. తమ ఇంటి మనిషి దగ్గర బడి నేర్చుకుంటోందని పిల్లలు చూడాలి.

విత్తిన నెలకు పూత వస్తుంది. ఒక్కో పిల్లనూ ఒక్కో పువ్వు ఎంచుకుని దాని పక్కన రంగుదారం కట్టమను. వారం పది రోజులకు ఆ చోట నుంచి ఊడ, అంటే కొనకు కాయ పట్టే సన్నని కాడ, కిందికి దిగడం వాళ్లే చూస్తారు. ఒక మొక్క చుట్టూ అట్ట పరిచి ఊడలు నేలకు తగలకుండా చేయించు. వాటికి కాయ పట్టదు. పువ్వు పైన పూసి కాయ కింద పెరగడం వాళ్లకు పుట్టినప్పటినుంచి తెలిసిందే, కానీ ఎందుకో ఎవరూ అడగరు. ఇప్పుడు అడుగుతారు. అప్పుడు జిప్సం సంగతి ఎత్తు. ఎకరాకు 200 కిలోల జిప్సం పూత, ఊడ దశలో మొదళ్ల దగ్గర వేసి గుంటక తోలడం వాళ్ల నాయనలు చేసేదే. కాయ తనకు కావలసిన కాల్షియాన్ని వేరు ద్వారా కాకుండా చుట్టూ ఉన్న మట్టిలో నుంచి నేరుగా తీసుకుంటుందని, అందుకే అది కాయ దిగే చోటే పడాలని, లేకపోతే గింజ పట్టని లొట్టకాయలు ఎక్కువవుతాయని చెప్పు. ఇంటికి పోయి ఈ మాట నాయనకు చెప్పిన పిల్ల మరుసటి రోజు ఎంత నిటారుగా నడిచి వస్తుందో చూడు. మొక్క పీకినప్పుడు వేరుబుడిపెలను గోటితో చీల్చి చూపించడం మరిచిపోవద్దు. లోపల గులాబీ రంగుంటే అది గాలిలోని నత్రజనిని పట్టి పైరుకు ఇస్తున్నట్టు.

2000వ సంవత్సరం ఖరీఫ్ నీకు గుర్తుండదు, నువ్వప్పుడు చిన్నదానివి. మన జిల్లాలో రెండు లక్షల హెక్టార్లకు పైగా శెనక్కాయ వైరస్ వల్ల వచ్చిన కాండం కుళ్ళుతో దెబ్బతింది. ఆకుమచ్చ అనుకుని మందులు కొట్టిన వాళ్లే ఎక్కువ. వైరస్‌కు ఏ మందు పనిచేస్తుంది? గట్ల మీది వయ్యారిభామ కలుపుమొక్క పుప్పొడిలో ఆ వైరస్ ఉంటుంది, తామర పురుగులు దాన్ని పైరుకు చేరుస్తాయి. నా క్లాసులోని పిల్లలు ఆ ఏడాది చాలామంది ఫీజు కట్టలేకపోయారు. తెగులును సరిగ్గా గుర్తుపట్టడం ఎందుకు నేర్చుకోవాలి అని ఎవరైనా అడిగితే నాకు ఇప్పటికీ ఆ పిల్లల మొహాలే కనిపిస్తాయి. అందుకే చెబుతున్నా, బడి ఆవరణలో, చుట్టుపక్కల గట్ల మీద వయ్యారిభామను పూతకు రాకముందే పీకించు. చేతులకు గ్లౌజులు ఉండాలి, ఒట్టి చేతులతో ముట్టుకుంటే చాలామందికి దద్దుర్లు వస్తాయి. చేను చుట్టూ నాలుగు సాళ్లు జొన్న వేస్తే తామర పురుగులకు అడ్డుగా ఉంటుందని కూడా అక్కడే నిలబడి చెప్పు.

ఇంక పశువుల సంగతి. నువ్వు పంటల వైపు చదివినదానివి కాబట్టి ఇక్కడ నీకు కొంచెం టెన్షన్ ఉంటుంది. అన్నీ చెప్పాలని చూడకు. దూడ పుట్టిన మొదటి రోజు గురించి బాగా చెప్పు చాలు. మన ఊళ్లల్లో ఇప్పటికీ మాయ పడేదాకా దూడను పొదుగు దగ్గరికి రానివ్వరు. విరేచనాలు పడతాయని ముర్రుపాలు పారబోసే ఇళ్లూ ఉన్నాయి. రోగాలను తట్టుకునే శక్తి దూడకు ఆ పాలలో నుంచే రావాలి. గంటలు గడిచేకొద్దీ దాని పేగు ఆ శక్తిని లోపలికి తీసుకోలేదు, ఒక రోజు దాటితే దాదాపు తలుపు మూసుకుపోయినట్టే. పుట్టిన గంట రెండు గంటల్లో తాగించాలి. దూడ బరువులో పదో వంతు, అంటే ఇరవై కిలోల దూడకు రోజుకు రెండు లీటర్లు, రెండు మూడు సార్లుగా ఇవ్వాలి. తరగతిలో ఒక్క పిల్ల ఈ మాట ఇంట్లో గట్టిగా పట్టుబట్టి చేయించినా నీ ఏడాది జీతానికి న్యాయం జరిగినట్టే.

జీవాలున్న ఇళ్ల పిల్లలకు చిటుక రోగం గురించి చెప్పు. తొలకరి వానలకు లేత కసువు మొలిచి, జీవాలు ఒక్కసారిగా కడుపునిండా మేసినప్పుడు పేగులోని సూక్ష్మజీవులు విషం పుట్టిస్తాయి. రాత్రి బాగున్న గొర్రె తెల్లారేసరికి చచ్చిపడి ఉంటుంది. టీకా వానలకు ముందే పడాలి. పశువైద్యశాలలో టీకాల క్యాలెండర్ అడిగి తెచ్చి తరగతి గోడకు అంటించు.

ఒకసారి పిల్లల్ని సంతకు తీసుకుపో. తుండుగుడ్డ కింద వేళ్లు పట్టుకుని బేరం చేసే మనిషి పొట్టేలును చూపుతోనే తూచేస్తాడు. మన పిల్లల చేతికి దర్జీ టేపు ఇవ్వు. ఛాతీ చుట్టుకొలతను అంగుళాల్లో తీసుకుని, దాన్ని దానితోనే హెచ్చించి, వచ్చినదాన్ని శరీరం పొడవుతో హెచ్చించి, 660తో భాగిస్తే బరువు సుమారుగా కిలోల్లో వస్తుంది. ఛాతీ 30, పొడవు 28 అయితే 38 కిలోలు. పళ్లు చూసి వయసు చెప్పడం కూడా అక్కడే నేర్పించు. లెక్కల సార్‌ను వెంట రమ్మను, ఆయనకూ బాగుంటుంది.

నువ్వు తప్పకుండా వినాల్సిన ఒక మాట చెబుతాను. నేను పనిచేసిన ఒకచోట ప్రాక్టికల్స్ కోసం యాభై కోడిపిల్లలు తెచ్చారు. దసరా సెలవులు వచ్చాయి. వాటికి మేత, నీళ్లు ఎవరు పెట్టాలో ఎవరి పేరూ రాసి లేదు. ఒకరు పెడతారని ఒకరు అనుకున్నాం. సెలవులయ్యి షెడ్డు తలుపు తీస్తే ముప్పైకి పైగా చచ్చి ఉన్నాయి. పిల్లల ముందే వాటిని గుంత తీసి పూడ్చాం. ఆ తప్పులో నా పాలూ ఉంది. ప్రాణమున్నది ఏదైనా బడిలోకి తెచ్చే ముందు ఆదివారం ఎవరు, పండగ రోజు ఎవరు, వాళ్లకు జ్వరమొస్తే ఎవరు అని కాగితం మీద పేర్లు రాసి తలుపుకు అంటించు. పేర్లు దొరక్కపోతే తేవొద్దు. పిల్లల ఇళ్లల్లోని పశువులే నీ ప్రాక్టికల్స్.

పిల్లల చేత పురుగుమందు ఎప్పుడూ కలిపించకు, కొట్టించకు. ఖాళీ డబ్బా మీది త్రికోణం రంగులు మాత్రం చదవడం నేర్పు. ఎరుపు అన్నిటికన్నా విషం, తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ. పశువులు, జీవాలు నెలలు నిండకముందే ఈచుకుపోయిన పిల్లను, మాయను ఒట్టి చేతులతో ముట్టుకోవద్దని, ఉన్నట్టుండి చచ్చి ముక్కు నుంచి రక్తం కారే పశువును కోయొద్దని, అది దొమ్మ రోగం (ఆంత్రాక్స్) కావచ్చని, అది మనిషికీ వస్తుందని గట్టిగా చెప్పు.

తల్లిదండ్రులు వస్తారు. "మా పిల్ల మళ్లీ ఈ మట్టిలోకేనా మేడం?" అని అడుగుతారు. కోపం తెచ్చుకోకు. కరువు చూసిన వాళ్లు, వాళ్ల భయంలో అర్థముంది. దారులు విడమరిచి చెప్పు. పది తర్వాత రెండేళ్ల డిప్లొమాలు ఉన్నాయి, వ్యవసాయానికి ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ యూనివర్సిటీ కింద, పశుపోషణకు తిరుపతి వెటర్నరీ యూనివర్సిటీ కింద, తోటలకు ఉద్యాన యూనివర్సిటీ కింద. వ్యవసాయ డిప్లొమా చేసినవాళ్లు అగ్రిసెట్ అనే ప్రవేశ పరీక్ష రాసి బీఎస్సీకి పోవచ్చు. 2019లో గ్రామ సచివాలయాలు వచ్చినప్పుడు వ్యవసాయ, పశుసంవర్ధక సహాయకుల ఉద్యోగాలకు ఎక్కువగా పనికొచ్చింది ఈ డిప్లొమాలే. పశువుల డాక్టరే కావాలనే పిల్లను మాత్రం డిప్లొమాలోకి తోయకు, బైపీసీ చదవమను. ప్రొద్దుటూరులో వెటర్నరీ కాలేజీ ఉంది, మహానందిలో వ్యవసాయ కాలేజీ ఉంది, పేర్లతో సహా చెబితే దూరం తగ్గినట్టుంటుంది. చదువు రానివాళ్లకు ఈ కోర్సు అని స్టాఫ్‌రూములో ఎవరైనా అంటే మాత్రం ఊరుకోవద్దు. బాగా చదివే పిల్లల్ని కూడా నువ్వే పోయి అడుగు, ముఖ్యంగా ఆడపిల్లల్ని. కలుపు తీసేది, పాలు పిండేది, విత్తనం దాచేది వాళ్ల అమ్మలే.

సెలవులు అయిపోయేలోపు ఒకసారి ఇటు రా. రేకులకుంట పరిశోధన స్థానానికి, రెడ్డిపల్లి కృషి విజ్ఞాన కేంద్రానికి ఇద్దరం పోయి, పిల్లల్ని ఎప్పుడు తీసుకురావచ్చో కనుక్కుందాం. మీ పిన్నమ్మ ఉగ్గాని చేసిపెడతానంటోంది. నా పాత నోట్‌బుక్కులు అటక మీద నుంచి దింపి పెట్టాను. అందులో పనికొచ్చేవి తీసుకుపో.

తొలకరి పడిన రోజు ఎంత రాత్రయినా ఫోన్ చెయ్. మీ బడి డబ్బాలో ఎన్ని మిల్లీమీటర్లు వచ్చిందో, పదును ఎన్ని అంగుళాలు దిగిందో చెప్పు. ఇక్కడ మా మిద్దె మీద నేనూ కొలిచి పెట్టుకుంటాను.

మీ చిన్నాయన