బండి సందేహాలు: పెద్ద ట్రక్కుకి చిన్న టర్బో ఇంజిన్ సరిపోతుందా?

ప్రశ్న: మేము హ్యూస్టన్ పక్కన కేటీలో ఉంటాం. వారాంతాల్లో పెళ్లిళ్లకి, గుడి కార్యక్రమాలకి కేటరింగ్ చేస్తున్నాం. సామాను ట్రైలర్ లాగడానికి పాత పికప్ చూస్తుంటే 2018 ఫోర్డ్ ఎఫ్-150 దొరికింది. 2.7 లీటర్ల ఎకోబూస్ట్ (ఫోర్డ్ టర్బో ఇంజిన్లకి పెట్టిన పేరు) ఇంజిన్, 92,000 మైళ్లు తిరిగింది. ఖాళీ ట్రైలర్ 2,400 పౌండ్లు ఉంటుంది. మా బావగారేమో "అంత బండికి ఆ చిన్న ఇంజిన్ ఏంటి? లక్ష మైళ్లకి షెడ్డుకెళ్తుంది, ఎనిమిది సిలిండర్ల వీ8 కొనండి" అంటున్నారు. డబ్బు పెట్టాలంటే టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, కేటీ, టెక్సాస్

జవాబు: అమ్మా, మీ బావగారి భయం ఊరికే పుట్టింది కాదు. 2011లో ఎఫ్-150కి 3.5 లీటర్ల టర్బో వీ6 (ఆరు సిలిండర్లు, గాలిని బలవంతంగా లోపలికి నెట్టే టర్బో) మొదటిసారి వచ్చినప్పుడు నేనూ అదే మాట అన్నాను. మొదటి ఏళ్ల ఇంజిన్లలో వాల్వుల్ని నడిపే టైమింగ్ చైన్ సాగడం, తేమ ఎక్కువున్న రోజుల్లో టర్బో గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్‌లో నీరు చేరి బండి తన్నుకోవడం నిజంగానే ఉండేవి. అయితే మీరు చూసింది అది కాదు. 2.7 ఇంజిన్ 2015లో వచ్చింది, 2018లో బాగా మార్చారు. దాని బ్లాకు పైభాగం పెద్ద డీజిల్ ఇంజిన్లకి వాడే రకం గట్టి ఇనుము. 2017 వరకు పెట్రోలు నేరుగా సిలిండర్‌లోకే కొట్టేది కాబట్టి వాల్వుల వెనక మసి పేరుకునేది. 2018 నుంచి రెండో ఇంజెక్టర్ల వరస వాల్వుల మీదుగా కూడా పెట్రోలు చల్లుతుంది, ఆ బాధ చాలావరకు పోయింది.

బలం సంగతి చూడండి. ఈ 2.7 ఇచ్చే టార్క్, అంటే లాగే బలం, 400 పౌండ్-ఫీట్లు, అదీ 2,750 ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజిన్ తిరిగే చుట్లు) దగ్గరే. అదే కాలపు షెవర్లే సిల్వరాడోలో 5.3 లీటర్ల వీ8 ఇచ్చేది 383, దానికి 4,100 ఆర్‌పీఎం దాకా అరవాలి. కాబట్టి చాలదేమోనన్న దిగులు వద్దు. నేను చూసేది వేడి, ఆయిల్. టర్బో ఇరుసు నిమిషానికి లక్ష చుట్లకి పైగా తిరుగుతుంది. దాన్ని మోసేది వెంట్రుక కన్నా సన్నని ఆయిల్ పొర. ఆ ఆయిల్ పాడైతే ముందు టర్బోకి, తర్వాత చైన్‌కి దెబ్బ.

రెండేళ్ల క్రితం ఒకే కంపెనీ, ఒకే ఏడాది, ఒకే టర్బో ఇంజిన్ ఉన్న రెండు ట్రక్కులు ఒకే వారంలో మా షెడ్డుకి వచ్చాయి. ఒకటి 1,40,000 మైళ్లు. పొద్దున స్టార్ట్ చేస్తే మూడు సెకన్లు గలగలమని మోత. వాల్వ్ కవర్ విప్పితే లోపలంతా బెల్లం పాకం అంటించినట్టు గోధుమరంగు పొర. డాష్‌బోర్డు మీద అంకె చెప్పేదాకా, అంటే దాదాపు పది వేల మైళ్లకోసారి, ఆయిల్ మార్చారట. ఎక్కువగా ఇంటి నుంచి బడికి, బడి నుంచి కొట్టుకి. రెండోది 2,30,000 మైళ్లు, గుర్రాల ట్రైలర్ లాగే బండి. కవర్ విప్పితే లోహం మెరుస్తోంది. గ్లవ్ బాక్సులో రబ్బరు బ్యాండు వేసిన రసీదుల కట్ట ఉంది, ప్రతి 5,000 మైళ్లకి ఒకటి. బరువులు లాగింది బాగుంది, బడికి తిరిగింది పాడైంది. చిన్న చిన్న ట్రిప్పుల్లో ఇంజిన్ పూర్తిగా వేడెక్కదు, కాలని పెట్రోలు ఆయిల్‌లోకి దిగి దాన్ని పలచన చేస్తుంది.

అందుకే బండి చూడటానికి పొద్దున్నే వెళ్లండి. అమ్మేవాళ్లు ముందే స్టార్ట్ చేసి ఉంచితే, ఇంకో రోజు వస్తామని చెప్పి వచ్చేయండి. బానెట్ మీద చెయ్యి పెట్టి చల్లగా ఉందని తేల్చుకుని, అప్పుడు స్టార్ట్ చేయించి, మొదటి ఐదు సెకన్లు నోరు మూసుకుని వినండి. స్టార్ట్ చేయించేముందే డిప్‌స్టిక్ తీసి, చుక్క ఆయిల్ పేపర్ టవల్ మీద వేసి వాసన చూడండి. పెట్రోలు బంకులో నిలబడ్డట్టు కొడితే ఆ బండి వద్దు. తర్వాత కింద చూడండి. దీని ఆయిల్ పాన్ ప్లాస్టిక్‌ది, అంచుల్లో చెమ్మ పట్టడం మామూలే. అది బేరం తగ్గించుకోవడానికి పనికొస్తుంది, భయపడాల్సింది కాదు. ఇంజిన్ కన్నా నాకు అనుమానం పది గేర్ల గేర్‌బాక్స్ మీద. నలభై నిమిషాలు నడిపి, ట్రాఫిక్‌లో ఆగుతూ కదులుతూ చూడండి. గేరు మారేటప్పుడు వెనక నుంచి ఎవరో తన్నినట్టు కుదిపితే ఎంత చవకగా ఇచ్చినా తీసుకోకండి.

ఇక వీ8 అయితే నిశ్చింత అనే మాట. 2025 ఏప్రిల్‌లో జనరల్ మోటార్స్ 2021–24 మోడళ్ల 6.2 లీటర్ల వీ8 బండ్లని అమెరికాలో దాదాపు 6 లక్షలు రీకాల్ చేసింది, క్రాంక్‌షాఫ్ట్, కనెక్టింగ్ రాడ్ల లోపంతో. అందులో టర్బో లేదు. ఫోర్డ్ కూడా 2024లో 2021–22 మోడళ్ల 2.7, 3.0 ఇంజిన్లున్న 90,000 బండ్లకి పైగా రీకాల్ చేసింది. అక్కడ తప్పు ఇన్‌టేక్ వాల్వు లోహానిది, పెళుసై విరిగేది. మీ 2018 ఆ జాబితాలో లేదు. ఎన్ని సిలిండర్లని కాదు, ఏ ఏడాదిదో, ఎవరి చేతిలో తిరిగిందో అడగమని మీ బావగారికి చెప్పండి.

బరువు లెక్క మాత్రం మీరే కూర్చుని వేయాలి. ట్రైలర్ 2,400. యాభై గ్యాలన్ల నీళ్లే 400 పౌండ్లు దాటతాయి. బిర్యానీ డేగిసాలు, గ్యాస్ సిలిండర్లు, పొయ్యిలు, ఫ్రిజ్ కలిపితే 4,500కి తేలుతుంది. అందులో పదో వంతు నుంచి ఏడో వంతు దాకా హుక్కు మీద పడుతుంది, అంటే 450 నుంచి 650. దానికి నలుగురు మనుషులు, వెనక రెండు బియ్యం బస్తాలు కలిపి, డ్రైవర్ తలుపు తీస్తే కనిపించే పసుపు స్టిక్కర్ మీది అంకె దాటకూడదు. వారానికోసారి ఈ బరువుకి 2.7 హాయిగా సరిపోతుంది. రోజూ 7,000 లాగే పనైతే నేనే 3.5 కొనమనేవాణ్ణి.

కొన్నాక 5,000 మైళ్లకి ఆయిల్ మార్చండి, డబ్బా మీద ఏపీఐ ఎస్‌పీ అని గానీ దాని తర్వాతి ప్రమాణం గానీ ఉండాలి. టర్బో ఇంజిన్లలో తక్కువ ఆర్‌పీఎం దగ్గర వచ్చే అకాల పేలుడునీ చైన్ అరుగుదలనీ దృష్టిలో పెట్టుకుని తెచ్చిన ప్రమాణం ఎస్‌పీ. ట్రైలర్ లాగి వచ్చాక రెండు నిమిషాలు ఇంజిన్ నడవనిచ్చి ఆపండి. విజయవాడ ఆటోనగర్‌లో నేను పని నేర్చుకున్న మేస్త్రీ టర్బో లారీల డ్రైవర్లకి, "పరుగెత్తి వచ్చిన ఎద్దుని వెంటనే కట్టేస్తారా?" అనేవాడు. ఇప్పటి టర్బోలకి నీళ్లతో చల్లబరిచే ఏర్పాటు ఉన్నా, ఎండాకాలం టెక్సాస్‌లో నేను ఆ మాటే పాటిస్తాను.

ప్రశ్న: నాది 2022 టొయోటా టండ్రా. రీకాల్‌లో ఇంజిన్ మొత్తం మార్చారు. టర్బో పెట్టడం వల్లే టొయోటా పేరు పోయిందంటున్నారు. అమ్మేయనా?
– ఎడిసన్, న్యూజెర్సీ

జవాబు: అమ్మకండి. 5.7 వీ8 తీసేసి 3.4 లీటర్ల జంట టర్బో వీ6 పెట్టిన మొదటి ఏడాది బండి మీది. 2024లో లక్షకి పైగా టండ్రా, లెక్సస్ బండ్లని వెనక్కి పిలిచింది, ఫ్యాక్టరీలో ఇంజిన్ లోపల లోహపు పొట్టు మిగిలిపోయి మెయిన్ బేరింగులు తినేస్తున్నందుకు. శుభ్రం చేయడంలో జరిగిన తప్పు అది, టర్బోది కాదు. ఇప్పుడు మీ దగ్గరున్నది కొత్త ఇంజిన్. ఎన్నో మైలు దగ్గర మార్చారో రాసి ఉన్న డీలర్ కాగితం ఇంట్లో దాచండి. రేపు ఎప్పుడైనా అమ్మితే కొనేవాళ్లు మొదట అడిగేది అదే.