కామిక్స్‌లో యుద్ధకథలకు ఆదరణ ఎందుకు తగ్గదు?

యుద్ధాలు ముగిసి దశాబ్దాలు గడిచినా వాటి కామిక్స్‌ను పాఠకులు ఎందుకు వదలరన్నది ప్రశ్న. సాహసం, ఆయుధాలు, గెలుపోటముల ఉత్కంఠ మొదట ఆకర్షించే మాట నిజమే గానీ, నిలిచిపోయిన కథల బలం వేరే చోట ఉందని నా నమ్మకం. కొరియా యుద్ధం ఇంకా సాగుతుండగానే, 1952లో, అమెరికన్ చిత్రకారుడు హార్వీ కర్ట్‌జ్‌మన్ గీసిన ఒక చిన్న కథనే చూడండి. ఇమ్‌జిన్ నదిలో కొట్టుకొస్తున్న శవాన్ని చూసి, ఆ మనిషి ఎలా చనిపోయి ఉంటాడోనని ఒక సైనికుడు ఊహిస్తుంటాడు. అంతలో తన మీదికి వచ్చిన శత్రువును పెనుగులాటలో అదే నీళ్లలో ముంచి, ఊపిరాడకుండా చంపుతాడు. సినిమాలో క్షణంలో దాటిపోయే అలాంటి మరణం ఇక్కడ బొమ్మ తర్వాత బొమ్మగా సాగుతుంది. పేజీ తిప్పడం మన చేతిలోనే ఉంటుంది కనుక, ఆ చావు దగ్గర ఎంతసేపు ఆగాలో మనమే నిర్ణయించుకోవాలి. ఆరేళ్ల వయసులో హిరోషిమా అణుబాంబు నుంచి బతికి బయటపడిన కెయిజీ నకజావా, 1973 నుంచి ఆ అనుభవాన్ని బాలుర వారపత్రికలోనే ధారావాహికగా గీశారు; కాలిన చర్మం చేతుల నుంచి వేలాడుతుండగా నడిచివచ్చే మనుషులను ఆయన పిల్లల కళ్ల నుంచి దాచలేదు.