బాట్ పోస్టుల మీద నువ్వు అడిగిన మాట

చిరంజీవి అమ్మలుకి,

గ్రూపుకి నిన్ను అడ్మిన్‌ని చేశారని తెలిసి సంతోషించాను. బాట్ పోస్టుల గురించి, అంటే మనిషి కాకుండా ప్రోగ్రామ్ తనంతట తాను పెట్టే పోస్టుల గురించి, సభ్యులు రోజూ గొడవ పడుతున్నారని, అన్నిటినీ ఒకేసారి తీసిపారేయాలనుందని రాశావు. తొందరపడకు. వాళ్ల కోపం దేనిమీదో ముందు తెలుసుకో.

బాట్ పనిచేస్తోందంటే ఎవరికీ బాధ ఉండదు. ఇంగ్లిష్ వికీపీడియాలో పిచ్చిరాతలను చెరిపేసే క్లూబాట్ ఎన్‌జీ ఎన్నో ఏళ్లుగా ఉంది. అక్కడ బాట్ నడపాలంటే ముందు అనుమతి తీసుకోవాలి, ఖాతా బాట్‌దని అందరికీ తెలియాలి, తప్పు జరిగితే జవాబు చెప్పే మనిషి ఉండాలి. మీ గ్రూపులో స్పామ్‌ని ఆపే బాట్ ఉంటే దాన్ని నిశ్చింతగా ఉంచు.

మనిషే అనుకుని మనసు విప్పాక, అవతల ఎవరూ లేరని తెలిస్తేనే జనం తట్టుకోలేరు. రెడ్డిట్ అనే చర్చల సైట్‌లో, అభిప్రాయాల మీద వాదించుకునే 'చేంజ్ మై వ్యూ' సమూహంలో జరిగింది అదే, 2025 ఏప్రిల్‌లో బయటపడింది. జ్యూరిక్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఎవరికీ చెప్పకుండా, నెలల తరబడి ఏఐతో 1,700కు పైగా కామెంట్లు పెట్టించారు. అభిప్రాయాలు మార్చడంలో ఏఐ ఎంత సమర్థమో చూడాలని వాళ్ల ఉద్దేశం. ఆ ఖాతాల్లో ఒకటి అత్యాచార బాధితుడినని చెప్పుకుంది, ఇంకొకటి మానసిక గాయాలకు కౌన్సెలర్‌నని చెప్పుకుంది. ఏఐతో రాస్తే ఆ సంగతి చెప్పాలన్న రూల్ అక్కడ అప్పటికే ఉంది. మోడరేటర్లు విషయం బయటపెట్టాక పెద్ద దుమారం రేగింది, చివరికి పరిశోధకులు ఫలితాలను ప్రచురించకూడదని నిర్ణయించుకున్నారు. ఆ కామెంట్లు చదివి తన సొంత గాయాన్ని చెప్పుకున్న మనిషి ఉంటే, ఆ మనిషికి ఎలా ఉంటుందో ఆలోచించు. నాకైతే ఇప్పటికీ ఆ కోపం తగ్గలేదు.

ఇంకో రకం విసుగు ఉంది. అడిగినవాడికి ఎవరో ఏఐ జవాబు తెచ్చి అతికిస్తారు. చూడ్డానికి బాగానే ఉంటుంది, లోపల తప్పు ఉంటుంది. 2022 డిసెంబర్‌లో, ప్రోగ్రామర్లు ప్రశ్నలు అడిగి జవాబులు పొందే సైట్ స్టాక్ ఓవర్‌ఫ్లో, చాట్‌జీపీటీ వచ్చిన కొద్ది రోజులకే, ఇలాంటి జవాబులను నిషేధించింది. రాయడానికి క్షణం చాలు, తప్పు పట్టుకోవడానికి మాత్రం తెలిసినవాళ్లు కూర్చుని చదవాలి. వాళ్లు విసిగి వెళ్లిపోతే గ్రూపులో ఇక ఏం మిగులుతుంది?

అందుకే రూల్ చిన్నగా రాయి. బాట్ ఖాతా అయితే పేరులోనే తెలియాలి, ఎవరు నడుపుతున్నారో ప్రొఫైల్‌లో ఉండాలి, ఎవరైనా పిలిస్తేనే మాట్లాడాలి. మనిషి ఏఐ సాయంతో రాస్తే పోస్టులోనే ఆ మాట చెప్పాలి, తప్పులుంటే బాధ్యత తనదే. సొంత కష్టాలు చెప్పుకునే చర్చల్లోకి బాట్‌ని అసలు రానివ్వకు. ఈ ఒక్క విషయంలో ఎవరు బతిమాలినా మెత్తబడకు.

ఇప్పుడు నాకు ఎక్కువ భయం ఉన్న సంగతి. పొందికగా రాసేవాళ్లని "నువ్వు బాట్‌వి" అని నలుగురిలో అనడం అలవాటైపోతోంది. భాష కొత్తగా నేర్చుకున్నవాళ్లు, జాగ్రత్తగా పేరాలు విడగొట్టి రాసేవాళ్లు ఊరికే మాటపడుతున్నారు. ఒకసారి అలా అనిపించుకున్న మనిషి మళ్లీ నోరు విప్పడు. ఏఐ రాతని గుర్తుపట్టే టూల్స్ చెప్పింది సాక్ష్యంగా తీసుకోకు. చాట్‌జీపీటీని తయారుచేసిన ఓపెన్‌ఏఐ కూడా తన సొంత టూల్‌ని కచ్చితత్వం తక్కువగా ఉందని 2023 జూలైలో ఆపేసింది. అనుమానం వస్తే విడిగా మెసేజ్ పెట్టి, రాసిన విషయం గురించే మామూలుగా ఓ ప్రశ్న అడుగు. పాత పోస్టులు చూడు. నిమిషానికో జవాబు పెడుతూ, ఎవరి ప్రశ్నకీ తిరిగి స్పందించని ఖాతా అయితే త్వరగానే తెలిసిపోతుంది. ఇంకా తేలకపోతే మనిషే అనుకో. అమాయకుణ్ణి గెంటేయడం కన్నా ఒక బాట్ నాలుగు రోజులు ఎక్కువ ఉన్నా పర్వాలేదు.

అందరిముందు ఆరోపణ చేసే కామెంట్లని తీసెయ్, అనుమానాలన్నీ అడ్మిన్లకే పంపమని పిన్ చేయి. రూల్ పెట్టేముందు ఓ వారం సభ్యుల మాట విను, ముఖ్యంగా ఈమధ్య మౌనంగా ఉండిపోయినవాళ్లని నువ్వే పలకరించు. రాసింది నాకు పంపితే చదివి చెప్తాను.

ఆశీస్సులతో,
బాబాయి