ఉద్యోగం, చెరువు, పీహెచ్‌డీ

ప్రశ్న: మాది అనంతపురం. పర్యావరణ శాస్త్రంలో ఎమ్మెస్సీ చేసి, మూడేళ్లుగా బెంగళూరులో ఒక నీటి పరీక్షల ల్యాబ్‌లో పనిచేస్తున్నాను. నెట్ (జాతీయ అర్హత పరీక్ష)లో అర్హత వచ్చింది గానీ, పరిశోధకులకు నెలనెలా ఇచ్చే జేఆర్‌ఎఫ్ సహాయం దక్కలేదు. ఉద్యోగం మానకుండా ఇక్కడి బెళ్లందూరు చెరువు కాలుష్యం మీద పీహెచ్‌డీ చేయవచ్చా?
- ఒక పాఠకురాలు, మారతహళ్లి

జవాబు: చేయవచ్చు. విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2022 నిబంధనలు పార్ట్‌టైమ్ పీహెచ్‌డీకి వీలు కల్పించాయి. అయితే పరిశోధనకు తగినంత సమయం ఉంటుందని, అవసరమైతే కోర్సు వర్క్ కోసం విధుల నుంచి విడిచిపెడతామని మీ యాజమాన్యం నిరభ్యంతర పత్రం ఇవ్వాలి. నోటిమాట చెల్లదు. గడువు కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఆరేళ్లు. మహిళలకు అదనంగా రెండేళ్ల సడలింపు ఉంది. జేఆర్‌ఎఫ్ రానందుకు దిగులు పడనక్కరలేదు. నెలకు 37,000 రూపాయల ఆ సహాయం పూర్తికాలం పరిశోధన చేసేవారి కోసమే. 2024 జూన్ నుంచి నెట్ మార్కులను పీహెచ్‌డీ ప్రవేశానికి పరిగణిస్తున్నారు. కానీ జేఆర్‌ఎఫ్ రానివారికి పీహెచ్‌డీ ప్రవేశం కోసం ఆ మార్కులు ఒక ఏడాదే చెల్లుతాయి కాబట్టి మీ ధ్రువపత్రాన్ని ఇవాళే తీసి చూసుకోండి.

నాకు అసలు అభ్యంతరం మీ అంశంతోనే. 'బెళ్లందూరు కాలుష్యం' అన్నది వార్తాపత్రిక శీర్షిక, పరిశోధన ప్రశ్న కాదు. 2015లో నురగ రోడ్డెక్కినప్పటి నుంచి, 2017లో చెరువు మీద మంటలు లేచినప్పటి నుంచి దాని నీటి గుణాన్ని కొలిచినవారు చాలామందే ఉన్నారు. బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ (ఐఐఎస్సీ) వారు ఏళ్ల తరబడి నగర చెరువులను పరిశీలిస్తున్నారు. మళ్లీ అవే పట్టికలు మీరెందుకు?

మీకు చేయి తిరిగిన పనిలోనే ప్రశ్న దాగి ఉంది. గట్టు మీద 300 మిల్లీలీటర్ల సీసాలో నీరు పట్టి, మాంగనస్ సల్ఫేటు, ఆపైన క్షార అయోడైడు కలిపినప్పుడు ప్రాణవాయువు ఉంటే గోధుమ రంగు అవక్షేపం ఏర్పడుతుంది, లేకుంటే తెల్లగా ఉండిపోతుంది. ఆ తెలుపు కనిపించిన చోటే, అడుగున పేరుకున్న పూడికలో ఇనుముతో బంధించి ఉన్న, పాచికి ఎరువైన ఫాస్ఫరస్ విడివడి పైనీటిలోకి వస్తుంది. మురుగు కాలువలన్నీ కట్టేసినా, ఆ పూడిక ఎన్నాళ్లపాటు చెరువుకు ఎరువు వేస్తూ ఉంటుంది? పూడిక తీసిన చెరువునూ తీయని చెరువునూ పక్కపక్కన పెట్టి చూస్తే అది ఐదారేళ్లకు సరిపడే పని.

విశ్వవిద్యాలయం పేరు కంటే ముందు గైడ్‌ను ఎంచుకోండి. వారి వద్ద సమర్పించిన సిద్ధాంత గ్రంథాలు శోధ్‌గంగ అనే ఆన్‌లైన్ భాండారంలో దొరుకుతాయి. అవి చదివి, ఆ విద్యార్థులలో ఒకరిద్దరిని కలిసి, ఎన్నేళ్లు పట్టిందో మొహమాటపడకుండా అడగండి. నమూనాలు తీయడానికి చెరువు ఎవరి అధీనంలో ఉందో వారి అనుమతి కావాలి, అందుకు నెలలు పడుతుంది. ఇక నమూనాలు తీసే వేళ అంటారా, పాచి, గుర్రపు డెక్క కమ్మిన చెరువులో ప్రాణవాయువు అన్నిటికన్నా తక్కువగా ఉండేది తెల్లవారుజామున. ఉదయం తొమ్మిదికి మొదలయ్యే డ్యూటీకి అది అడ్డురాదు.