డిజైన్ అసైన్‌మెంట్ ఇంటర్వ్యూకి ఎవరిని అడగాలి, ఏం అడగాలి? పుట్టపాకలో నేను నేర్చుకున్నది

మీది మహబూబ్‌నగర్ అని, డిజైన్ సెకండియర్ అని, పనిలో ఉన్న ఒక క్రియేటివ్ ప్రొఫెషనల్‌ను మూడు వారాల్లో ఇంటర్వ్యూ చేయాలని, హైదరాబాద్‌లో నాలుగు స్టూడియోలకు మెయిల్ పెడితే ఒక్కరూ పలకలేదని రాశారు. ఆరేళ్ల కిందట నాకూ ఇదే అసైన్‌మెంట్ ఇచ్చారు. మాది నల్లగొండ.

నేనూ మొదట ఒక స్టూడియోకి ఇంగ్లీషులో పెద్ద మెయిల్ రాసి, కింద పదకొండు ప్రశ్నలు పెట్టాను. రెండు వారాలు చూశాను, జవాబు లేదు. ఇప్పుడు నేనే ఒక స్టూడియోలో పనిచేస్తున్నాను కాబట్టి కారణం తెలుసు. పదకొండు ప్రశ్నలకు జవాబులు రాయాలంటే అరపూట పడుతుంది. తీరిగ్గా రాద్దామని పక్కన పెడతాం, అక్కడే ఉండిపోతుంది. మీ మీద చులకన ఉండి కాదు. అదే "మీరు చేసిన ఫలానా పోస్టర్‌లో తెలుగు అక్షరాలు చేత్తో గీసినవా, ఫాంటా? ఒక పది నిమిషాలు ఫోన్‌లో మాట్లాడొచ్చా?" అని రెండు ముక్కలు రాస్తే అప్పటికప్పుడే జవాబిస్తాం. స్టూడియోలకు ఇంకోసారి ప్రయత్నిస్తే ఇలా రాయండి.

కానీ నా అసలు మాట వేరే. డిజైనర్ అంటే స్టూడియోలో కంప్యూటర్ ముందు కూర్చున్నవాళ్లే అని మనం ఎందుకు అనుకోవాలి? అప్పుడు మా అమ్మ అడిగింది, "పుట్టపాకలో గ్రాఫ్ గీసేటోళ్లు డిజైనర్లు కాదా?" అని. చౌటుప్పల్ దగ్గర, సంస్థాన్ నారాయణపూర్ మండలంలో ఉంది ఆ ఊరు. నూలుకు ముందే ముడులు కట్టి, రంగులద్ది, తర్వాత నేసే ఇక్కత్‌కు పేరు. ఆ డిజైన్‌ను ముందు గ్రాఫ్ కాగితం మీద గీసుకుంటారు. 2016 దాకా మా నల్లగొండ జిల్లాయే, ఇప్పుడు యాదాద్రి భువనగిరి. నూనె పట్టించిన నూలుతో నేసే తేలియా రుమాలుకు 2020లో భౌగోళిక గుర్తింపు వచ్చింది ఆ ఊరి పనికే. గజం గోవర్ధన్ గారికి 2011లో, గజం అంజయ్య గారికి 2013లో పద్మశ్రీ వచ్చింది. ఇద్దరిదీ ఆ ఊరే.

అంత పేరున్నవాళ్ల దగ్గరికి వెళ్లే ధైర్యం నాకు లేదు. పోచంపల్లిలో చీరలు అమ్మే ఒక దుకాణంలో అడిగితే, పుట్టపాకలో డిజైన్లు గీసే ఒక పెద్దాయన నంబర్ ఇచ్చారు, ముందు ఆయనను అడిగే ఇచ్చారు. ఫోన్ చేసి తెలుగులోనే చెప్పాను. నేనెవరో, ఏం చదువుతున్నానో, ఎంతసేపు కావాలో, రాసింది ఎవరు చదువుతారో చెప్పి, "మీకు పని అడ్డం కాని రోజు చెప్పండి, వస్తాను" అన్నాను. "పెండ్లిళ్ల ఆర్డర్లున్నయి బిడ్డా, ఒక వారం ఆగి రా" అన్నారు. ఆగాను.

వెళ్లాక మొదటి అరగంట చాలా కష్టంగా గడిచింది. మీకు స్ఫూర్తి ఎవరు, మీ శైలి ఏమిటి అని కాలేజీలో రాసుకున్న ప్రశ్నలే అడిగాను. "ఏముంది బిడ్డా, మా నాయిన జేసిండు, నేను జేస్తున్న" అని ఊరుకున్నారు. ఆ ప్రశ్నలకు అంతకంటే జవాబు ఉండదని ఇప్పుడు అర్థమవుతోంది. నాకు లోపల టెన్షన్ మొదలైంది.

అప్పుడు గోడకు ఆనించిన అట్ట మీద గ్రాఫ్ కాగితం కనిపించింది. అందులో ఒక ఏనుగు. దాని వీపు గుండ్రంగా లేదు, మెట్లుమెట్లుగా ఉంది. "ఇది గుండ్రంగా ఎందుకు గీయలేదు తాతా?" అని అడిగాను. ఆయన లేచి ఆ కాగితం తెచ్చి నా ముందు పరిచారు. ఆ తర్వాత గంటన్నర నేను రాసుకుంటూనే ఉన్నాను.

గ్రాఫ్‌లో ఒక్కో గడి అంటే కలిపి కట్టే కొన్ని పోగులు. పోగులు తక్కువ తీసుకుంటే వంపు నున్నగా వస్తుంది, కానీ ముడులు పెరుగుతాయి, కట్టేవాళ్లకు రోజులు పెరుగుతాయి, చీర ధర పెరుగుతుంది. ఎక్కడ రంగు పట్టకూడదో అక్కడ సైకిల్ ట్యూబు నుంచి కోసిన రబ్బరు పట్టీతో బిగించి కడతారు. రంగు మారినప్పుడల్లా మళ్లీ కట్టాలి, మళ్లీ అద్దాలి. అందుకని రంగు పెంచాలా, వంపు పెంచాలా అన్నది కాగితం మీదే తేల్చుకోవాలి. పడుగూ (నిలువు పోగులు) పేకా (అడ్డం పోగులు) రెండూ కట్టే పనిలో అయితే మగ్గం మీద ఈ ఎరుపు ఆ ఎరుపు మీదే వచ్చి కూర్చోవాలి. "కట్టే చెయ్యి ఎంత కట్టగలదో సూసుకొని గీయాలె" అన్నారు ఆయన. నా నోట్‌బుక్‌లో అన్నిటికంటే విలువైన మాట అదే.

కాబట్టి నా సలహా ఒక్కటే. మనిషి గురించి కాకుండా, ఆయన చేతిలో ఇప్పుడున్న పని గురించి అడగండి. ఒక గీత, ఒక రంగు, ఒక కొలత చూపించి ఇది ఇలాగే ఎందుకు ఉందని అడగండి. మనిషి గురించి తెలియాల్సినవన్నీ అందులోనే వస్తాయి.

ఇంకో సంగతి. పక్క గదిలో వాళ్ల ఇంటావిడ ఆసు పోస్తున్నారు. అర్ధచంద్రాకారంగా కొట్టిన మేకుల చుట్టూ నూలు తిప్పే పని అది. ఒక్క చీరకు చెయ్యి వేల సార్లు అటూ ఇటూ ఆడాలి. ఆలేరు వైపు చింతకింది మల్లేశం గారు వాళ్లమ్మ భుజం నొప్పి చూడలేకే ఆసు యంత్రం చేశారు, దానికి ఆమె పేరే లక్ష్మి అని పెట్టారు. 2017లో ఆయనకూ పద్మశ్రీ వచ్చింది. ఆ ఇంటావిడతో మాట్లాడాలని నా ప్రశ్నల్లో లేదు. వచ్చే ముందు అడిగితే, ఏ డిజైన్ ఆసు దగ్గర ఇబ్బంది పెడుతుందో, దాన్ని ఆయన ఎలా మార్చాల్సి వచ్చిందో ఆమే చెప్పారు. మీరు ఎవరి దగ్గరికి వెళ్లినా, ఈ పనిలో ఇంకా ఎవరి చెయ్యి ఉందో తప్పకుండా అడగండి.

ఫోటోల విషయంలో చాలా జాగ్రత్త. ఇంకా మగ్గమెక్కని గ్రాఫ్ ఫోటో బయటికి పోతే, అదే డిజైన్ నాలుగు రోజుల్లో ప్రింటు చీరగా మార్కెట్‌కు వస్తుందని వాళ్ల భయం. ఆ భయం నిజమైనది. ఏది తీయొచ్చు, ఏది వద్దు అని ముందే అడగండి. రికార్డింగ్‌కు కూడా అడగండి. మగ్గం ఆడుతున్న గదిలో మాట సరిగా వినపడదు, వరండాలో కూర్చోండి.

రాసింది కాలేజీలో ఇచ్చే ముందు నేను ఫోన్‌లో ఆయనకు చదివి వినిపించాను. "రంగు అద్దిన బట్ట" అని ఒకచోట రాశాను. వెంటనే ఆపి, "బట్టకు గాదు బిడ్డా, నూలుకు" అన్నారు. ఆ ఒక్క మాట తప్పుపోతే ఇక్కత్ అంటే ఏమిటో నాకు తెలియలేదనే కదా అర్థం. తర్వాత ఫోటోలు ప్రింట్ తీయించి తీసుకెళ్లి ఇచ్చాను.

మీకు పుట్టపాక దూరం. గద్వాల అయితే మీకు దగ్గరే, మహబూబ్‌నగర్ నుంచి రైలు కూడా ఉంది. గద్వాల చీరకు ఒళ్లు నూలు, అంచూ కొంగూ పట్టు. ఆ రెంటినీ మగ్గం మీదే కలుపుతారు, దాన్ని కుట్టు అంటారు. అంచు ఎంత వెడల్పుండాలో, ఆ రంగు చీర ఒంటి రంగుకు ఎందుకు నప్పుతుందో తేల్చే మనిషి, మగ్గాల వాళ్లతో నేయించే మాస్టర్ వీవర్ల దగ్గర ఉంటారు. వాళ్లను పట్టుకోండి. నారాయణపేట అయినా మంచిదే. వెళ్లేముందు మీ ప్రశ్నలు ఇక్కడ రాయండి, నేను చూసి చెబుతాను.