అటెండ్ అయ్యారా, పార్టిసిపేట్ చేశారా?

మొన్న తిరుపతికి వచ్చినప్పుడు మా అన్న కూతురు తన రెజ్యూమె తెచ్చి నా ముందు పెట్టింది. ఆగస్టులో ఎంఎస్‌కి అమెరికా బయల్దేరుతోంది. అక్కడ క్యాంపస్‌లో పార్ట్‌టైమ్ ఉద్యోగానికి ఇప్పటినుంచే సిద్ధమవుతోందట. ఒక్క పేజీలో 'పార్టిసిపేటెడ్' అన్న మాట తొమ్మిది చోట్ల ఉంది. ఏమిటే ఇది అంటే, "పాల్గొనడమనే కదత్తా అర్థం, ఇందులో తప్పేముంది?" అంది. తప్పేం లేదు. కానీ ఈ ఒక్క మాట సరిగా పట్టుబడక నేను అక్కడ ఒకసారి మార్కులు, ఇంకోసారి డబ్బులు పోగొట్టుకున్నాను. కొత్తగా వెళ్ళేవాళ్ళకి పనికొస్తుందని దానికి చెప్పిందే ఇక్కడా రాస్తున్నాను.

ముందు మార్కుల సంగతి. మొదటి సెమిస్టర్‌లో ఒక కోర్సుకి 100కి 20 మార్కులు క్లాస్ పార్టిసిపేషన్‌కని సిలబస్ కాగితంలోనే ఉంది. హాజరు మార్కులు కాబోలనుకున్నాను. అటెండెన్స్ తగ్గితే హాల్ టికెట్ రాదన్న భయంతో ఎస్వీ యూనివర్సిటీలో డిగ్రీ గట్టెక్కినదాన్ని కదా! మోకాలి లోతు మంచులో కూడా ఒక్క క్లాసు మానలేదు. ముందు వరసలో కూర్చుని, చెప్పినదంతా రాసుకుని, నోరు తెరవకుండా ఇంటికొచ్చేదాన్ని. 20కి 6 వేశారు. అడగడానికి వెళ్తే, "రోజూ వచ్చావు, ఒక్కరోజైనా మాట్లాడావా?" అన్నాడు ప్రొఫెసర్. మన దగ్గర మేష్టారు చెబుతుంటే నోరు మెదపకపోవడం మర్యాద. అక్కడ అలా కూర్చుంటే పాఠం చదువుకుని రాలేదేమో అనుకుంటారు. అందుకని మా మేనకోడలికి ఒకటే చెప్పాను: ప్రతి క్లాసుకీ ఒక ప్రశ్న ఇంట్లోనే రాసిపెట్టుకుని వెళ్ళు, గ్రామర్ సంగతి దేవుడెరుగు, మొదటి పావుగంటలోనే అడిగేయ్. ఆలస్యం చేస్తే గుండె దడ పెరుగుతుంది, ఆ ప్రశ్న ఇంకెవరో అడిగేస్తారు.

నిజానికి ఈ తేడా మన నాలుకకి ముందే తెలుసు. మీటింగుకి అటెండ్ 'అయ్యాను' అంటాం. పోటీలో పార్టిసిపేట్ 'చేశాను' అంటాం. ఒకదానికి అవడం, రెండోదానికి చేయడం. ఎవరూ నేర్పకుండానే అలా కుదిరింది. పాల్గొనడం అన్నా పాలు కొనడమే, అంటే వాటా తీసుకోవడం. మా వైపు దాయాదుల్ని పాలోళ్ళు అనేది కూడా ఆ పాలుతోనే. తమాషా ఏమిటంటే, ఇంగ్లీషు మాటకి మూలమైన లాటిన్‌లోనూ వాటా, తీసుకోవడం అన్న రెండు మాటలే కలిశాయి.

ఇంత చెప్పినా అది మొహం తేలేసింది. గంగమ్మ జాతర గుర్తుచేశాను. మే నెలలో తాతయ్యగుంట గంగమ్మకి వారం రోజులు జాతర జరుగుతుందా, రోజుకో వేషం కదా, బైరాగి, బండ, తోటి, దొర, మాతంగి అని. ఒంటినిండా బొగ్గు పూసుకుని, నోటికొచ్చిన బూతులు తిట్టుకుంటూ వీధిలో పోయే తోటి వేషంవాడు పార్టిసిపేట్ చేసినట్టు. మేడమీద నిలబడి ఫోన్లో వీడియో తీసే మీ నాన్న అటెండ్ అయినట్టు. పక్కనే ఉన్న మా అన్న ఊరుకుంటాడా! "మరి ఆన్‌లైన్ కల్యాణోత్సవం టికెట్టు మీద వర్చువల్ పార్టిసిపేషన్ అని ఎందుకు రాస్తారు? టీవీ ముందు కూర్చునేదేగా" అన్నాడు. పంచె కట్టుకుని, పూజారి సంకల్పం చెబుతుంటే నీ గోత్రం నువ్వు చెప్పుకుంటే పాల్గొన్నట్టే, కాఫీ తాగుతూ చూస్తే కాదు అన్నాను. ఒప్పుకోలేదు.

వ్యాకరణం రెండు ముక్కల్లో. పార్టిసిపేట్ తర్వాత 'ఇన్' తప్పదు, 'పోటీలో' అన్నప్పటి 'లో' లాగా. అటెండ్ పక్కన ఏమీ రాకూడదు. 'పెళ్ళికి' అన్న అలవాటుకొద్దీ మనం 'అటెండెడ్ టు ద వెడ్డింగ్' అనేస్తాం. 'అటెండ్ టు' అంటే బాగోగులు చూసుకోవడం, నర్సు రోగిని చూసుకున్నట్టు. 'జాయిన్డ్ ఇన్ ద కంపెనీ' కూడా వద్దు, ఆ 'ఇన్' తీసేయండి. ఆఫీసు మీటింగుకి వస్తానని చెప్పడానికి 'ఐ విల్ జాయిన్' చాలు. పార్టిసిపేట్ అని పలికేటప్పుడు 'టి' మీద ఒత్తి పలకండి, మనలా అన్ని అక్షరాలూ సమంగా పలికితే ఫోన్లో ఒక్కోసారి అర్థం కాదు.

ఇక డబ్బులు పోయిన కథ. చర్మం డాక్టరు దగ్గరికి వెళ్ళాల్సి వచ్చి, ఫోన్ చేసి మా ఇన్సూరెన్స్ తీసుకుంటారా అని అడిగాను. తీసుకుంటామన్నారు. తీసుకున్నారు కూడా, క్లెయిమ్ పంపారు. కానీ ఆయన మా ప్లాన్‌లో పార్టిసిపేటింగ్ ప్రొవైడర్ కాదు. అంటే ఇంత వైద్యానికి ఇంతే తీసుకుంటానని ఇన్సూరెన్స్ కంపెనీతో ఆయనకి ఒప్పందం లేదు. కంపెనీ తన లెక్కకి వచ్చినంత ఇచ్చి చేతులు దులుపుకుంది. మిగతాదంతా నా నెత్తిన పడింది. అప్పుడు నా నెల అద్దె కన్నా ఎక్కువ. కాబట్టి 'తీసుకుంటారా' అని అడగొద్దు. కార్డు మీదున్న ప్లాన్ పేరు ఉన్నదున్నట్టు చదివి, 'మీరు ఈ ప్లాన్‌లో పార్టిసిపేటింగ్ ప్రొవైడరేనా' అని అడగండి. ఒకే కంపెనీకి చాలా ప్లాన్లుంటాయి, ఒకదాంట్లో ఉన్న డాక్టరు ఇంకోదాంట్లో ఉండకపోవచ్చు. కంపెనీ వెబ్‌సైట్లో కూడా ఆ డాక్టరు పేరు వెతికి చూసుకోండి. ఎమర్జెన్సీలో ఇలాంటి అదనపు బిల్లు పడకుండా 2022 నుంచి చట్టం ఉంది. మనంతట మనం ఏరికోరి వేరే డాక్టరు క్లినిక్‌కి వెళ్ళినప్పుడు మాత్రం అది ఆదుకోదు.

ఉద్యోగం వచ్చాక 401కె కాగితాల్లో మళ్ళీ ఈ మాటే ఎదురవుతుంది. అది రిటైర్మెంట్ పొదుపు. మ్యాచ్, అంటే మనం వేసినదానికి తోడు తమ వాటా, ఇచ్చే కంపెనీల్లో మామూలుగా మన జీతంలోంచి మన వాటా వేస్తేనే వాళ్ళ వాటా పడుతుంది. ఆ ఫారం పక్కన పడేయకండి.

రెజ్యూమెలో తొమ్మిదింటికి ఏడు కొట్టేయించాను. పాల్గొన్నానంటే ఏం చేశావో తెలియదు కదా! 'పార్టిసిపేటెడ్ ఇన్ శ్రీవారి సేవ' అని ఒక లైనుంది. "వారం రోజులు కొండమీద ఏం చేశావే?" అన్నాను.

"వెంగమాంబ అన్నదాన సత్రంలో వడ్డించాను. రెండు రోజులు క్యూలో వాళ్ళకి నీళ్ళిచ్చాను."

అదే రాయమన్నాను.

"సాంబారు బకెట్టు సంగతి అమెరికా వాళ్ళకెందుకత్తా?"

"నువ్వు అప్లై చేస్తున్నది క్యాంపస్ డైనింగ్ హాల్లో పనికే కదమ్మా" అన్నాను.